అల్‌స్టర్ అమెరికన్ ఫోక్ పార్క్, ఓమా: రెండు వర్గాల వలసకూ చోటున్న మ్యూజియం

ఐరిష్ వారసత్వాన్ని ఒక్క రోజులో చూసి రావాలంటే ఎక్కడికి వెళ్లాలని అడిగితే చాలామంది డబ్లిన్ పేరు చెబుతారు. డబ్లిన్‌లో మంచి మ్యూజియంలున్న మాట నిజమే. కానీ అమెరికాకు వెళ్లిపోయిన ఐరిష్ కుటుంబాల కథతోపాటు, ఆ కథకూ ఉత్తర ఐర్లాండ్ శాంతికీ ఉన్న ముడి కూడా తెలియాలంటే టిరోన్ కౌంటీలోని ఓమాకు వెళ్లాలి. ఊరికి ఉత్తరంగా దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో, కాసిల్‌టౌన్ దగ్గర ఈ పార్కు ఉంది. 1976లో తెరిచారు. ఇప్పుడు ఉత్తర ఐర్లాండ్ జాతీయ మ్యూజియంల సంస్థ నడుపుతోంది. ఇక్కడ అద్దాల బీరువాల్లో వస్తువులు చూడటం తక్కువ, ఇళ్లలోకి వెళ్లి రావడం ఎక్కువ. సుమారు 40 ఎకరాల ఆరుబయట ముందు 18, 19 శతాబ్దాల అల్‌స్టర్ (ఐర్లాండ్ ఉత్తర ప్రాంతం) పల్లె వస్తుంది. తర్వాత ఓడరేవు వీధి, ఓడ. ఓడ దిగితే అమెరికా. దారి ఆ వరుసలోనే సాగుతుంది, ఆ వరుసలోనే నడవాలి. ఎండ కాసిందని ముందు అమెరికా ఇళ్లు చూసి వెనక్కి వస్తే సగం కథ పోతుంది.

మొదటే ఒక హెచ్చరిక. బెల్‌ఫాస్ట్ పక్కన కల్ట్రాలో అల్‌స్టర్ ఫోక్ మ్యూజియం అని ఇంకొకటి ఉంది. రెండూ ఒకే సంస్థవి, పేర్లూ దగ్గరే. రెంటికీ మధ్య వంద కిలోమీటర్లకు పైనే దూరం. ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకునేటప్పుడు పేరులో ‘అమెరికన్’ ఉందో లేదో చూసుకోండి.

ఈ పార్కును అంతగా మెచ్చుకోవడానికి కారణం ఉంది. అమెరికాలో ఐరిష్ అనగానే 1845 నుంచి 1852 దాకా సాగిన బంగాళదుంప కరువు, కాథలిక్ కుటుంబాలు, న్యూయార్క్, బోస్టన్ గుర్తొస్తాయి. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షలకు పైగా దేశం వదిలారు. ఆ దుఃఖాన్ని ఎంత తలుచుకున్నా తక్కువే. అయితే అంతకు వందేళ్ల ముందే అల్‌స్టర్ రేవుల నుంచి వేలకు వేలు ఓడలెక్కారు. వాళ్లలో ఎక్కువమంది ప్రెస్బిటీరియన్లు, అంటే ఒక ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు. స్కాట్లండ్ నుంచి వచ్చి అల్‌స్టర్‌లో స్థిరపడ్డవాళ్ల సంతతి. కౌలు పెరగడం, లినెన్ ధర పడిపోవడం, పంటలు పోవడం వాళ్లను తరిమాయి. ఆంగ్లికన్ చర్చికి చెందనివాళ్లు ప్రభుత్వ పదవులు చేపట్టకుండా 1704లో పెట్టిన నిబంధన కూడా వాళ్లను దూరం చేసింది. ఈ రెండు వర్గాల వారసులే 20వ శతాబ్దంలో ఉత్తర ఐర్లాండ్ వీధుల్లో ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారు. 1960ల చివరి నుంచి 1998 దాకా సాగిన ఆ ఘర్షణలో 3,500 మందికి పైగా పోయారు. వారసత్వ ఉత్సవం అంటే ఒక వర్గం తన కథ తాను చెప్పుకోవడంగానే ఇప్పటికీ చాలాచోట్ల మిగిలిపోయింది. ఇక్కడ మాత్రం రెండు కథలూ ఒకే కాలిబాట మీద ఉన్నాయి.

పార్కుకు మూలం మెలన్‌ల ఇల్లు. థామస్ మెలన్ 1813లో ఇక్కడే, ఈ సున్నం కొట్టిన గడ్డికప్పు ఇంట్లోనే పుట్టాడు. ఇంటిని కదల్చలేదు, దాని చుట్టూ పార్కు కట్టారు. 1818లో అయిదేళ్ల పిల్లాడిగా అమ్మానాన్నలతో డెర్రీ రేవులో ఓడెక్కి, చివరికి పెన్సిల్వేనియా చేరాడు. చదువుకుని జడ్జి అయ్యాడు. 1869లో పిట్స్‌బర్గ్‌లో కుటుంబం పేర బ్యాంకు పెట్టాడు. కొడుకు ఆండ్రూ మెలన్ 1921 నుంచి 1932 దాకా అమెరికా ఖజానా కార్యదర్శి. ఇది ప్రెస్బిటీరియన్ కథ, గెలిచిన కథ.

అదే బాటలో కొంచెం నడిస్తే జాన్ హ్యూజ్ ఇల్లు. ఆయన 1797లో ఇదే టిరోన్ కౌంటీలో ఒక కాథలిక్ రైతు ఇంట పుట్టి, 1817లో అమెరికా వెళ్లాడు. తోటపని చేస్తూ సెమినరీలో చేరి, 1850లో న్యూయార్క్ మొదటి ఆర్చిబిషప్ అయ్యాడు. ఫిఫ్త్ అవెన్యూలోని సెయింట్ పాట్రిక్స్ కెథెడ్రల్‌కు 1858లో శంకుస్థాపన చేసింది ఈయనే. ఊళ్లో చెల్లెలు చనిపోయినప్పుడు కాథలిక్ ఫాదరీని శ్మశానం గేటు లోపలికి రానివ్వలేదు. ఆ ఫాదరీ బయటే నిలబడి గుప్పెడు మట్టిని మంత్రించి ఇస్తే, దాన్ని తీసుకెళ్లి సమాధిలో వేశారు. ఆ అవమానాన్ని హ్యూజ్ జీవితాంతం మరిచిపోలేదు. ఒక సంవత్సరం తేడాతో ఒకే కౌంటీ నుంచి వెళ్లిన ఈ ఇద్దరి ఇళ్లను వెంటవెంటనే చూస్తే, ఎవరి బాధ ఎక్కువ అన్న వాదం ఎంత దండగో తెలుస్తుంది. రెండు ఇళ్లలోనూ పొయ్యి, మట్టి నేల, ఇరుకు గది దాదాపు ఒక్కలాగే ఉంటాయి. తలుపు బయట చట్టం మాత్రం ఇద్దరినీ ఒక్కలా చూడలేదు.

ప్రార్థనాలయాలు కూడా ఇక్కడ రెండున్నాయి. ఒకటి ప్రెస్బిటీరియన్ల మీటింగ్ హౌస్, రెండోది కాథలిక్కుల మాస్ హౌస్. చాలామంది వీటిని బయటినుంచే చూసి దాటేస్తారు. అలా చేయకండి. రెండింట్లోనూ ఒక్కొక్క అయిదు నిమిషాలు బల్లమీద కూర్చోండి. గోపురం, గంట, ఆడంబరం ఏ ఒక్కదానికీ లేవు. రాజ్యం ఆదరించిన చర్చి ఈ రెండూ కాదు, మూడోదైన ఆంగ్లికన్ చర్చి. ఆ సంగతి పుస్తకంలో చదివినదానికంటే ఆ బల్లల మీద కూర్చుంటే త్వరగా అర్థమవుతుంది.

ఇళ్లలో అప్పటి బట్టలు కట్టుకున్న సిబ్బంది ఉంటారు. ఈ పార్కు ప్రాణం వాళ్లే. రద్దీ లేని రోజున వెళితే ఒక్కొక్క పొయ్యి దగ్గర పావుగంట సేపు ఓపిగ్గా చెబుతారు. బడిపిల్లల బస్సులు వచ్చిన రోజున మాత్రం వాళ్ల దృష్టంతా పిల్లల మీదే ఉంటుంది. స్కూళ్లు నడిచే నెలల్లో అయితే మధ్యాహ్నం వెళ్లడం మేలు, పిల్లల గుంపులు ఎక్కువగా పొద్దుటి పూట వస్తాయి.

పొయ్యి మీద కాల్చే సోడా బ్రెడ్ దగ్గర తప్పకుండా ఆగండి. పొయ్యిలో మండేది కట్టె కాదు. బాడవ నేలల్లోంచి కోసి, ఎండబెట్టిన పీట్ మట్టి ఇటుకలు. పొగ వాసన బట్టలకు సాయంత్రం దాకా వదలదు. పొయ్యి పక్కన తిరిగే ఇనుప చెయ్యి ఉంటుంది, దానికి గొలుసుతో చదునైన పెనం వేలాడుతుంది. మంట తగ్గించే వీలు లేదు కాబట్టి పెనాన్నే పైకీ కిందికీ జరుపుతారు. ఈ రొట్టెను మన వంటింట్లో కూడా చేయొచ్చు. మైదా 250 గ్రాములు, వంటసోడా చదునుగా ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను కలిపి జల్లించాలి. బాగా పులిసిన మజ్జిగ 200 నుంచి 225 మిల్లీలీటర్లు పోసి, చేత్తో నాలుగైదు తిప్పులు తిప్పి వదిలేయాలి. చపాతీ పిండిలా మర్దించడమే మనవాళ్లు చేసే పొరపాటు. మర్దించిన కొద్దీ రొట్టె సాగుతుంది, గట్టిపడుతుంది. పొడిపిండి చల్లిన బల్లమీద ముద్దను అరంగుళం మందాన గుండ్రంగా ఒత్తి, నాలుగు ముక్కలుగా కోసి, పొడి పెనం మీద సన్నని సెగన ఒక్కొక్క వైపు ఆరేడు నిమిషాలు కాల్చాలి. చివరికి ముక్కల్ని నిలబెట్టి కోసిన అంచులు కూడా కాల్చాలి. ఈ పని వదిలేస్తే మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. సెగ ఎక్కువైతే పైన మాడి లోపల జిగట. సోడా ఎక్కువైతే సబ్బు రుచి, పసుపు మచ్చలు. మజ్జిగ పులుపు చాలకపోతే సోడా పని చేయదు, రొట్టె పొంగదు. వేడి మీదే వెన్న రాసుకుని తినాలి. చల్లారితే రుచి సగమే.

నేతకారుని ఇల్లు చేనేత తెలిసినవాళ్లకు బాగా నచ్చుతుంది. అల్‌స్టర్ రైతు కౌలు కట్టింది పొలం మీద కాదు, మగ్గం మీద. అవిసె మొక్కను కొయ్యరు, వేళ్లతో సహా పీకుతారు, నార పొడవు తగ్గకుండా. కట్టలు కట్టి నీటిగుంటలో వారం పది రోజులు నానబెడతారు. కాడ కుళ్లి నార విడివడుతుంది, ఆ కంపు ఊరంతా వస్తుంది. తక్కువ నానితే నార ఊడిరాదు, ఎక్కువ నానితే పీలికలవుతుంది. తర్వాత ఎండబెట్టడం, చెక్కతో బాది పొట్టు రాల్చడం, ఇనుప ముళ్ల దువ్వెనలో దువ్వడం, రాట్నం మీద వడకడం. వడికేది ఇంటి ఆడవాళ్లు, నేసేది మగవాళ్లు. పడుగు నూలు తడి గాలిలో తెగకుండా ఉంటుందని మగ్గం గదిలో నేలను మట్టిగానే ఉంచేవారు. ఆ చెమ్మలో కూర్చుని నేసేవాళ్లకు దగ్గు, కీళ్లనొప్పులు తప్పేవి కావు. యంత్రాల మిల్లులు వచ్చాక ఇంటి రాట్నం తిండి పెట్టలేదు. వలసకు ఒక బలమైన కారణం ఇదే. పొలాన్ని, మగ్గాన్ని, కౌలును కలిపి చెప్పడం ఈ పార్కు బాగా చేసిన పని.

ఒంటిగది గుడిసె దగ్గర ఎక్కువసేపు ఉండలేరు. కిటికీ లేనట్టే. నేలమీద గడ్డి. కరువుకు ముందు పేద కూలీలు ఇలాంటి గదిలో బతికారు. బంగాళదుంప తప్ప వేరే పంట తిండికి మిగలని రైతుకూలీకి 1845లో తెగులు వచ్చినప్పుడు ఏమీ మిగల్లేదు. పార్కు ఈ ఇంటికి పెద్దగా వివరణ పెట్టలేదు, పెట్టకపోవడమే బాగుంది.

ఇక ఓడ. ఓడరేవు వీధి చివర, కప్పు కింద నిలువెత్తు చెక్క ఓడ ఉంటుంది. నమూనానే, కానీ అసలు కొలతల్లో కట్టారు. డెక్కు కిందకు దిగితే తల వంచి నడవాలి. ఆరడుగుల చదరపు బల్ల మీద నలుగురు పెద్దవాళ్లు పడుకునే ఏర్పాటు, అంటే మనిషికి ఒకటిన్నర అడుగు. గాలివాటాన్ని బట్టి ఆరు నుంచి పన్నెండు వారాల ప్రయాణం. తుపాను వస్తే పై మూతలు బిగించేవారు. అప్పుడు లోపల దీపం ఉండదు, వంట ఉండదు, బకెట్లు దొర్లిపోతుంటాయి. టైఫస్ వ్యాపించేది పేల వల్ల. ఇరుకే దాన్ని మహమ్మారిగా మార్చింది. 1847లో కెనడాలోని గ్రోస్ ఈల్ దీవిలోనే 5,000 మందికి పైగా వలసదారుల్ని పాతిపెట్టారు. ఈ భాగంలో పార్కు శబ్దాలు వాడింది. చెక్కల కిర్రుమనే చప్పుడు, దగ్గు వినిపిస్తాయి. చిన్నపిల్లలు భయపడితే పక్కదారి ఉంది, సిబ్బందిని అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ముందే అడగడం మంచిది.

అమెరికా భాగంలో ఓడరేవు దుకాణాల వీధి, పెన్సిల్వేనియా దుంగల ఇల్లు, రాతి ఇల్లు, గుర్రబ్బండి ఉన్నాయి. అల్‌స్టర్ వైపు చూసిన చీకటి గుడిసె తర్వాత దుంగల ఇంట్లో ఎత్తైన అటక, నిండుగా పేర్చిన కట్టెలు, వేలాడే మొక్కజొన్న కంకులు చూస్తే మనిషికి సొంత నేల దొరకడం అంటే ఏమిటో తెలుస్తుంది. ఆ నేల ఎవరిదన్న ప్రశ్నే ఇక్కడ చాలినంత వినిపించదు. అల్‌స్టర్ వలసదారులు నిలదొక్కుకున్న సరిహద్దు భూములు ఆదివాసుల నుంచి లాక్కున్నవి. దక్షిణాది రాష్ట్రాలకు వెళ్లినవాళ్లలో కొందరు బానిసల్ని ఉంచుకున్నారు. ఇంట్లో కౌలుదారుగా నలిగినవాడు అక్కడ యజమాని అయిన తీరును ఇంకా పెద్ద అక్షరాల్లో చెప్పాలి. ఈ పార్కుకు పూర్తి మార్కులు ఇవ్వలేకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం తెలుగువాళ్లకు ఎక్కువ తడుతుంది. ఇక్కడ వలస అంటే అట్లాంటిక్ దాటడమే. కానీ తూర్పుకు వచ్చినవాళ్లూ ఉన్నారు. 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన జేమ్స్ కజిన్స్, రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్‌లో 1878లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ 1915లో భారతదేశం వచ్చారు. మదనపల్లె కాలేజీలో జేమ్స్ ప్రిన్సిపాల్. 1919లో టాగోర్ మదనపల్లె వచ్చి జనగణమన పాడినప్పుడు ఆ బాణీకి స్వరలిపి రాసింది మార్గరెట్. ఎదురు దిక్కున వరాహగిరి వెంకటగిరి 1913లో డబ్లిన్‌కు న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లి, ఐరిష్ స్వాతంత్ర్య ఉద్యమకారులతో స్నేహం వల్ల 1916లో ఆ దేశం వదలాల్సి వచ్చింది. తర్వాత ఆయన మన రాష్ట్రపతి. పార్కు పేరులోనే అమెరికా ఉంది కాబట్టి తప్పుపట్టలేం. ఒక్క గోడ మీద మిగతా దిక్కుల పటం పెట్టినా బాగుండేది.

శాంతి మాటకు వస్తే, పార్కులో దాని ప్రస్తావన తక్కువ. దాన్ని పూరించేది ఓమా పట్టణం. అందుకే ఈ రెండింటినీ ఒకే రోజు చూడమని గట్టిగా చెబుతున్నాం. 1998 ఏప్రిల్ 10న ఆ ఘర్షణను ముగించేందుకు గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరింది. మే 22న జరిగిన ఓటింగులో ఉత్తర ఐర్లాండ్‌లో 71 శాతం, దక్షిణాన ఐర్లాండ్ రిపబ్లిక్‌లో 94 శాతం అవునన్నారు. మూడు నెలలు తిరగకుండానే, ఆగస్టు 15 శనివారం మధ్యాహ్నం, ఆ ఒప్పందాన్ని ఒప్పుకోక ఐఆర్‌ఏ (ఐర్లాండ్ ఏకం కావాలని పోరాడిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) నుంచి చీలిపోయిన సాయుధ దళం రియల్ ఐఆర్‌ఏ ఓమా మార్కెట్ వీధిలో కారు బాంబు పేల్చింది. ముందు వచ్చిన ఫోన్ హెచ్చరికల్లో చోటు సరిగా చెప్పలేదు. పోలీసులు జనాన్ని కోర్టు వైపు నుంచి తరలించారు. ఆ తరలించిన దిక్కే బాంబున్న దిక్కయింది. 29 మంది పోయారు. వాళ్లలో ఒకామె కవలలతో నిండు గర్భిణి. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, డోనెగల్‌లోని బన్‌క్రానా నుంచి వచ్చిన పిల్లలు, స్పెయిన్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి, ఒక టీచరు. ఎవరి పేర చేశారో వాళ్లే పోయారు. ఆ దారుణాన్ని ఎందుకు ఆపలేకపోయారన్న దానిమీద బహిరంగ విచారణ 2025లో బాధితుల కుటుంబాల మాటలతో మొదలైంది.

స్మారక తోట డ్రమ్రా అవెన్యూలో ఉంది, బస్టాండు నుంచి నడిచి వెళ్లొచ్చు. ప్రవేశ రుసుం లేదు. 2008లో పదో వర్ధంతి నాడు తెరిచారు. తోటలో సూర్యుడిని అనుసరించి తిరిగే ఒక పెద్ద అద్దం ఉంది. అది వెలుగును 31 చిన్న అద్దాల మీదికి పంపుతుంది. ఆ 31లో పుట్టని ఇద్దరూ ఉన్నారు. అక్కడి నుంచి వెలుగు అద్దాల మీదుగా మలుపులు తిరిగి, బాంబు పేలిన చోట నిలబెట్టిన గాజు స్తంభంలోని గుండె ఆకారాన్ని చేరుతుంది. మబ్బు పట్టిన రోజు ఇదేమీ కనిపించదు, ఈ ప్రాంతంలో మబ్బు రోజులే ఎక్కువ. ఎండ పొడ కనిపిస్తే పార్కును కాసేపు పక్కనపెట్టి ముందు తోటకు వెళ్లండి. ఫొటోలు తీయొచ్చు. పూలు పెట్టేందుకు వచ్చిన కుటుంబాలు ఉంటే మాత్రం కెమెరా దించండి.

పూర్వీకుల నేల మీద ప్రేమతో దూరాన ఉన్నవాళ్లు చేసే పని అక్కడ ఎలా పడుతుందో ఆలోచించడానికి ఇంతకంటే సరైన చోటు లేదు. అమెరికాలోని ఐరిష్ కుటుంబాల దగ్గర వసూలైన డబ్బు ఒకప్పుడు తుపాకులకూ చేరింది. అదే అమెరికా నుంచి సెనేటర్ జార్జ్ మిచెల్ వచ్చి నెలల తరబడి బల్ల దగ్గర కూర్చుని ఒప్పందం కుదిర్చాడు. 1986లో బ్రిటిష్, ఐరిష్ ప్రభుత్వాలు పెట్టిన ఇంటర్నేషనల్ ఫండ్ ఫర్ ఐర్లాండ్‌కు అమెరికా, ఐరోపా యూనియన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ డబ్బిచ్చాయి. బెల్‌ఫాస్ట్‌లో రెండు పేటల మధ్య గోడలు ఇంకా ఉన్నాయి. వాటిని దించడానికి అక్కడివాళ్లను ఒప్పించే పనికి ఆ నిధి సాయం చేసింది. మార్చి 17న, ఐరిష్‌వాళ్ల సెయింట్ పాట్రిక్ పండుగ నాడు, పచ్చ చొక్కా వేసుకునేవాళ్లు ఈ నిధి పనిని ఒక్కసారైనా చదవాలని మా కోరిక.

ఐరిష్ మూలాలున్న జీవిత భాగస్వామితోనో, అమెరికాలోని స్నేహితులతోనో వెళ్లే తెలుగువాళ్లు తరచూ అడిగేది వంశవృక్షం గురించి. పార్కులోనే మెలన్ వలస అధ్యయన కేంద్రం, దాని లైబ్రరీ ఉన్నాయి. ఉత్తరాలు, డైరీలు, ఓడ ప్రయాణికుల జాబితాలు ఇక్కడ కంప్యూటర్‌లో వెతకొచ్చు. ఖాళీ చేతులతో వెళితే ఖాళీ చేతులతోనే వస్తారు. ‘మా ముత్తాత టిరోన్ నుంచి వచ్చాడు’ అన్న ఒక్క మాట చాలదు. టౌన్‌ల్యాండ్ పేరు కావాలి, అంటే మన రెవెన్యూ గ్రామం కంటే చిన్నదైన భూమి విభాగం. ఐర్లాండ్ మొత్తం మీద ఇవి 60,000కు పైగా ఉన్నాయి. కాబట్టి వెతుకులాట అమెరికా వైపు నుంచి మొదలుపెట్టండి. సమాధి రాళ్లు, చర్చి పెళ్లి రికార్డులు, పౌరసత్వ దరఖాస్తుల్లో ఊరి పేరు దొరకొచ్చు. ఐర్లాండ్ వైపు 1901, 1911 జనాభా లెక్కలు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. అంతకుముందు లెక్కల్లో చాలావరకు మిగల్లేదు. కొన్నింటిని ప్రభుత్వమే నాశనం చేసింది, మరికొన్ని 1922లో అంతర్యుద్ధం మొదట్లో డబ్లిన్ రికార్డు భవనంతోపాటు కాలిపోయాయి. ఆ ఖాళీని పూడ్చుకోవడానికి 1847 నుంచి 1864 దాకా జరిగిన గ్రిఫిత్ భూమి విలువ కట్టే సర్వే చూడాలి. అందులో ఇంటిపెద్ద పేరు, టౌన్‌ల్యాండ్, భూమికి కట్టిన విలువ ఉంటాయి, భార్యాపిల్లల పేర్లు ఉండవు. అందరి జననమరణాలూ నమోదవడం 1864లో మొదలైంది. ఇంటిపేరు అక్షరాలు మారిపోవడం మామూలు. ‘ఓ’, ‘మాక్’ ఉన్నా లేకపోయినా రెండు విధాలా వెతకండి. ఉత్తరాది ఆరు కౌంటీల రికార్డులకు బెల్‌ఫాస్ట్ టైటానిక్ క్వార్టర్‌లోని పబ్లిక్ రికార్డు ఆఫీసు ఉంది. దానికి ఇంకో రోజు పెట్టుకోవాలి.

ప్రయాణంలో తెలుగువాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది వీసా దగ్గర. ఓమా ఉన్నది యునైటెడ్ కింగ్‌డమ్‌లో. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తూ ఐరిష్ రెసిడెన్స్ కార్డు ఉన్న భారతీయ పాస్‌పోర్టుదారుకు కూడా ఇక్కడికి రావాలంటే యూకే వీసా కావాలి. సరిహద్దులో గేటు లేదు, కాపలా లేదు. వేగం బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లకు మారడం, రోడ్డు అంచు గీత పసుపు నుంచి తెలుపవడం తప్ప ఇంకేమీ కనిపించదు. అది చూసి వీసా అక్కర్లేదనుకుంటారు. బస్సుల్లో తనిఖీలు జరుగుతాయి, దొరికితే తర్వాతి వీసాలన్నిటికీ చిక్కు. భారత్‌లో ఉండి పర్యటనకు దరఖాస్తు చేసేవాళ్లకు బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం ఉంది. స్వల్పకాలిక వీసా మీద ఆ పథకం గుర్తు వేస్తే ఒక్క వీసాతో రెండు చోట్లా తిరగొచ్చు. ముఖ్యమైన షరతు, వీసా ఇచ్చిన దేశంలోనే ముందు అడుగుపెట్టాలి.

రైలు లేదు, ఓమాకు రైలు 1965లోనే ఆగిపోయింది. బెల్‌ఫాస్ట్ గ్రాండ్ సెంట్రల్ నుంచి డెర్రీ వెళ్లే 273 బస్సు ఓమా మీదుగా పోతుంది, రమారమి రెండు గంటలు. డబ్లిన్ నుంచి డెర్రీ వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సులు కూడా ఓమాలో ఆగుతాయి. అక్కడి నుంచి పార్కుకు టాక్సీ తేలిక. స్ట్రబేన్ వైపు బస్సు ఎక్కితే పార్కు దగ్గర ఆపుతాడో లేదో డ్రైవర్‌ను ముందే అడగండి. రోడ్డు బోర్డుల్లో డెర్రీ, లండన్‌డెర్రీ రెండూ ఒకే ఊరు. మాటల్లో ఏ పేరు వాడాలో తెలియకపోతే ఎదుటివాళ్లు వాడిన పేరే వాడండి. పచ్చా తెలుపు సెల్టిక్ జెర్సీ, నీలం రేంజర్స్ జెర్సీ రెండూ సూట్‌కేసులోనే ఉంచండి, అక్కడ ఆ రెండు స్కాటిష్ జట్ల జెర్సీలు ఫుట్‌బాల్ గుర్తులు మాత్రమే కావు, కాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల గుర్తులు కూడా. జూలై 12 చుట్టూ ప్రొటెస్టెంట్ల ఊరేగింపుల వల్ల రోడ్లు మూస్తారు, దుకాణాలూ చాలా మూసి ఉంటాయి.

పార్కుకు సాధారణంగా సోమవారం సెలవు, చలికాలంలో త్వరగా మూస్తారు. వెళ్లే వారం వేళలు చూసుకోండి. మూడు గంటలు కనీసం, పొయ్యిల దగ్గర ఆగేవాళ్లకు నాలుగు. ఆరుబయటే తిరగాలి కాబట్టి గొడుగు కంటే రెయిన్‌కోటు, నీళ్లకు తడవని బూట్లు మేలు. బాట వాలుగా ఉంటుంది, పాత ఇళ్ల గడపలు ఎత్తు, తలుపులు సన్నం. చక్రాల కుర్చీ ఉన్నవాళ్లు టికెట్ కౌంటర్‌లోనే సులువైన దారి అడిగి తెలుసుకోవాలి. క్యాంటీన్‌లో శాకాహారులకు ఎంపిక తక్కువ. సూప్‌లో కోడి రసం ఉందేమో అడిగి తీసుకోండి, లేదా పులిహోర డబ్బా వెంట తెచ్చుకోండి. డబ్బు పౌండ్లలో, యూరోలు తీసుకుంటారని నమ్ముకోవద్దు. పార్కు, తోట రెండూ ఒకే రోజు కుదరాలంటే బెల్‌ఫాస్ట్‌లో ఎనిమిది గంటలకల్లా బస్సెక్కండి. తిరుగు బస్సు వేళ ఓమాలో దిగగానే రాసిపెట్టుకోండి, ఆదివారం బస్సులు బాగా తక్కువ.